2001 నాటి బయోనికిల్ బొమ్మను నిలబెట్టి, దాని జంట ఆటను నేటి కంప్యూటర్‌లో నడపడం ఎలా

లెగో సంస్థ 2001లో బయోనికిల్ పేరుతో విడుదల చేసిన కవచధారి వీరులను డబ్బాలోని భాగాలను బట్టి మాత్రమే అంచనా వేస్తే సగమే చూసినట్టు. ముసుగు, ఆయుధం, పళ్లచక్రాలతో కదిలే చేయి గల వీరుడు డబ్బాలో వచ్చేవాడు. అతడు ఎక్కడివాడు, ఎవరిని కాపాడడానికి వచ్చాడు, ఆ ముసుగుతో అతడికి పనేమిటి అన్న సంగతులు మాత్రం మాటా నూయి ఆన్‌లైన్ గేమ్ అనే ఉచిత బ్రౌజర్ ఆటలో విడతలు విడతలుగా తెలిసేవి. న్యూయార్క్‌కు చెందిన టెంప్లార్ స్టూడియోస్ తయారుచేసిన ఆ ఆట ఫ్లాష్ అనే, బ్రౌజర్లలో ఆటలు నడిపే ప్రోగ్రాము మీద నడిచేది. ఆ బొమ్మల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, ఫ్లాష్‌కు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. అయినప్పటికీ పాత బొమ్మ ఒకటి సంపాదించి, శుభ్రం చేసి, సరిగా అమర్చి, దాని పక్కనే ఆ ఆటను నడుపుకోవడం నేటికీ సాధ్యమే, పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. ఆ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ బొమ్మతో మొదలుపెట్టాలి

ముందుగా ఏ తరం బొమ్మ కావాలో తేల్చుకోండి. బయోనికిల్ 2001 నుంచి 2010 వరకు సాగింది, 2015లో కొత్త రూపంతో తిరిగి వచ్చి 2016లో ముగిసింది. ఈ రెంటి నడుమ 2010 నుంచి 2014 వరకు అదే సంస్థ హీరో ఫ్యాక్టరీ అనే రోబో వీరుల వరుసను నడిపింది. మొదటిసారి ఈ పని తలపెట్టేవారికి టోవాలు అని పిలిచే 2001 నాటి ఆరుగురు ప్రధాన వీరులలో ఒకరిని తీసుకోమనే చెబుతాను. అందుకు మూడు కారణాలున్నాయి. ఆ ఏటి బొమ్మల కీళ్లు తర్వాతి వాటికంటే గట్టివి. ఆ ఏటి ఆట మొదటి నుంచి చివరి వరకు పూర్తిగా భద్రపరచబడి ఉంది. పైగా ఆ ఆట, ఆ బొమ్మలు ఒకే కథకు రెండు ముఖాలుగా తయారయ్యాయి. తర్వాతి సంవత్సరాల్లో బొమ్మలు మరింత పొడవుగా, మరింత అలంకారంగా వచ్చిన మాట నిజమే కాని, బొమ్మకూ ఆటకూ అంత దగ్గరి సంబంధం మళ్లీ కుదరలేదని నా అభిప్రాయం.

ఆరుగురి వివరాలు తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఎర్రని తాహు అగ్ని వీరుడు, అతడి సెట్ సంఖ్య 8534, ముసుగు పేరు హావు, దాని శక్తి రక్షణ కవచం. నీలి రంగు గాలి సెట్ సంఖ్య 8533. పేరు అలా వినిపించినా ఆమెది నీటి శక్తి, నీటిలో ఊపిరి పీల్చుకోనిచ్చే కౌకావు ఆమె ముసుగు. ఆకుపచ్చని లేవా వాయువుకు అధిపతి, సంఖ్య 8535, అతడి ముసుగు పేరే ‘మీరు’. తెల్లని కోపాకాది మంచు, సంఖ్య 8536, గోడల అవతలికి కూడా చూడగలిగే అకాకు అతడి ముసుగు. గోధుమరంగు పొహాటు రాతి వీరుడు, సంఖ్య 8531, ముసుగు వేగాన్నిచ్చే కాకామా. నల్లని ఒనువా మట్టికి అధిపతి, సంఖ్య 8532, ముసుగు బలాన్నిచ్చే పాకారి. ఈ నాలుగంకెల సంఖ్యలను రాసి పెట్టుకోండి. కొనుగోలుకూ, కూర్పు పుస్తకం వెతకడానికీ, పోయిన భాగాన్ని తెప్పించుకోవడానికీ పేరుకంటే ఆ సంఖ్యే ఎక్కువ పనికొస్తుంది.

ఆరింటిలో ఏదైనా సరే అనుకునేవారు తాహును తీసుకోవచ్చు. ఎరుపు రంగు కాలంతో పెద్దగా మారదు, విడిభాగాలు తేలికగా దొరుకుతాయి, కూర్పులో చిక్కులు లేవు. కోపాకా చూడడానికి హుందాగా ఉంటాడు కాని తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరగడం అతడితో వచ్చే ఇబ్బంది. పొహాటు మొండెం మిగిలినవారిది తలకిందులు చేసినట్టు ఉంటుంది, అతడి పళ్లచక్రం చేతిని కాక కాలిని తన్నిస్తుంది. యంత్రాంగం మీద ఆసక్తి ఉన్నవారికి అతడే నచ్చుతాడు. ఒకేసారి ఆరుగురినీ కొనకండి. ఒక్క బొమ్మతో పని మొదలుపెట్టి, ఆటలో ఆ బొమ్మకు చెందిన ఊరికి చేరాక తర్వాతిది కావాలో వద్దో నిర్ణయించుకోవడం మేలు.

కొనేటప్పుడు

ఈ బొమ్మలు ఇప్పుడు దొరికేది పాతవస్తువుల విపణిలోనే. లెగో భాగాల క్రయవిక్రయాలకు ప్రత్యేకించిన బ్రిక్‌లింక్ 2019 నుంచి లెగో సంస్థ చేతిలోనే ఉంది. అక్కడ సంపూర్ణ సెట్లతో పాటు ఒక్కొక్క భాగాన్ని విడిగా కూడా కొనవచ్చు. ఈబే వంటి వేలం సైట్లలో కలగాపులగంగా కిలోల లెక్కన అమ్మే మూటలు కనిపిస్తాయి, అవి చౌకగా తోచినా అందులో ఒక్క బొమ్మ కూడా సంపూర్ణంగా ఉండకపోవచ్చు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న బంధువుల ద్వారా తెప్పించుకునే వీలుంటే వారి చిరునామాకు తెప్పించి, వారు వచ్చేటప్పుడు సామానులో తెమ్మనడం మనవాళ్లకు అలవాటైన దారే. భారతదేశానికి నేరుగా పార్సిల్ తెప్పించేవారు బొమ్మ ధరతో పాటు రవాణా, కస్టమ్స్ ఖర్చులను ముందే కలిపి చూసుకోవాలి. బొమ్మల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. సొంత వాడకానికి వచ్చే పార్సిళ్లకు లెక్క వేరుగా ఉండవచ్చు గనుక రవాణా సంస్థను అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

అమ్మేవారిని నాలుగు ఫోటోలు అడగండి: ముందు నుంచి, వెనుక నుంచి, ముసుగు తీసిన తల, విడిగా ఆయుధం. వెనుక ఫోటోలో పళ్లచక్రం ఉందో లేదో తెలుస్తుంది. ముసుగు తీసిన తలలో పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండాలి. తల వెనుక నుంచి పడిన వెలుగు ఆ ముక్క గుండా ప్రయాణించి కళ్లలో మెరుస్తుంది. చాలా పాత బొమ్మల్లో పోయి ఉండేది సరిగ్గా ఆ ముక్కే. ముసుగు రంగు విషయంలో తొందరపడి అమ్మేవారిని అనుమానించవద్దు. 2001లో ముసుగులను విడిగా, లోపల ఏముందో తెలియని చిన్న పొట్లాలుగా కూడా అమ్మారు, ఒకే ఆకారం అనేక రంగుల్లో వచ్చింది. కనుక ‘మీరు’ అనే ముసుగు ఎర్రగా కనిపిస్తే నకిలీ కాదు, తాహు సేకరించవలసిన ముసుగుల్లో అదొకటి. అయితే డబ్బాతో వచ్చిన అసలు ముసుగే కావాలంటే పైన చెప్పిన జతలనే పాటించండి.

నకిలీలు ఎక్కువగా హీరో ఫ్యాక్టరీకి, 2015 నాటి బయోనికిల్‌కు వచ్చాయి. మన ఊళ్లలో బొమ్మల దుకాణాల్లోనూ జాతరల్లోనూ వేలాడే రోబో వీరుల పొట్లాల్లో చాలావరకు ఆ కోవలోవే. అసలు భాగాల మీద ఏదో ఒక మూల లెగో అనే అక్షరాలు అచ్చులోనే పోసి ఉంటాయి. గోరుతో తడిమితే తెలుస్తాయి. అక్షరాలు లేకపోవడంతో పాటు కీలు మరీ వదులుగానో మరీ బిగుతుగానో ఉంటే అది నకలే. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అసలు బొమ్మైనా నకలు బొమ్మైనా చిన్న భాగాలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఒకటే, ఎత్తైన అరలో పెట్టండి.

మరొక చిన్న విషయం. ఆటలో మీరు నడిపే పాత్ర టోవా కాదు, కథ జరిగే మాటా నూయి అనే ద్వీపంలోని ఒక సామాన్య గ్రామస్థుడు, పేరు తాకువా. అటువంటి గ్రామస్థుల్లో జాలా, మాకు, హూకి, ఒనేపు, కోంగు, మాటోరో అనే ఆరుగురి చిన్న బొమ్మలను 2001లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ తన పిల్లల భోజనాలతో పంచింది. అవి ఇప్పటికీ టోవా కంటే తక్కువ ధరకు దొరుకుతాయి. తాకువా బొమ్మ మాత్రం 2003లో, అతడి వాహనమైన పేవ్‌కు అనే పీతతో కలిపి 8595 సంఖ్య గల సెట్‌గా వచ్చింది. ఆట మీదే ప్రధానంగా ఆసక్తి ఉన్నవారు ఒక టోవా, ఒక గ్రామస్థుడు అనే జతతో మొదలుపెడితే సరిపోతుంది.

శుభ్రం చేయడం

బొమ్మ చేతికి అందగానే విప్పడం మొదలుపెట్టకండి. ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి, తర్వాత ఒక పళ్లెంలో పెట్టుకుని విప్పండి. గిన్నెలో బంతి ఇమిడినట్టుండే బంతి కీలును మెలితిప్పకుండా, గిన్నె తెరచుకున్న వైపుకే నెమ్మదిగా లాగాలి. విప్పిన భాగాలను 40 డిగ్రీలకు మించని గోరువెచ్చని నీటిలో, రెండు చుక్కల మెత్తని ద్రవసబ్బు వేసి అరగంట నాననిచ్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. లెగో సంస్థ సూచించే హద్దు కూడా ఆ 40 డిగ్రీలే. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్, మరిగిన నీళ్లు వద్దు. పళ్లచక్రాల పళ్ల సందుల్లో జుట్టు, దారపు పోగులు చుట్టుకుని ఉంటాయి, వాటిని పిన్నీసు మొనతో తీయవచ్చు.

బోరు నీటిలో ఉప్పదనం ఎక్కువగా ఉండే ఊళ్లలో ఆరిన తర్వాత భాగాల మీద తెల్లని మరకలు తేలతాయి, నల్లని ఒనువా మీద మరీ స్పష్టంగా కనిపిస్తాయి. చివరి కడుగుకు తాగునీటి ఫిల్టరు నీళ్లు వాడితే ఆ బెడద ఉండదు. ఇరుసు దూరే రంధ్రాల్లో నీరు నిలిచిపోతుంది కాబట్టి పొడి గుడ్డ మీద పరిచి, ఫ్యాను గాలికి ఒక రాత్రంతా ఆరనివ్వండి. ఎండలోనూ హెయిర్ డ్రయ్యర్ కిందా పెట్టవద్దు.

కోపాకా భాగాలు పసుపు తిరిగి ఉంటే ఒక మార్గం ఉంది, కాని అది చివరి మార్గమనే భావించండి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ పైపొరను మార్చడం వల్ల ఆ రంగు వస్తుంది. మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గాజు పాత్రలో పోసి, శుభ్రం చేసిన తెల్ల భాగాలను పూర్తిగా మునిగేలా ఉంచి, ఎండ తగిలే చోట కొన్ని గంటలు పెడితే పసుపు చాలావరకు తగ్గుతుంది. భాగాలకు అంటుకున్న బుడగలు మచ్చలను మిగులుస్తాయి గనుక గంటకొకసారి చెక్క పుల్లతో కదపాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలకు ఈ పని అప్పగించకూడదు, పాత్రకు గట్టిగా మూత బిగించనూ కూడదు. రామగుండం, విజయవాడ వంటి చోట్ల వేసవి మధ్యాహ్నపు ఎండ ఆ ద్రావణాన్ని మరీ వేడెక్కించగలదు; ఉదయపు ఎండే చాలు. ఇలా తెలుపెక్కిన భాగాలు కొన్నాళ్లకు మళ్లీ పసుపు తిరగవచ్చు, పదే పదే చేస్తే పెళుసెక్కుతాయి కూడా. పసుపు కొద్దిగానే ఉంటే అలాగే వదిలేయడం నా దృష్టిలో ఉత్తమం. గాలి ధరించే పారదర్శక ముసుగుకు ఈ ద్రావణం అసలే వాడవద్దు.

అమర్చడం, మరమ్మతు

కూర్పు పుస్తకం కోసం లెగో సంస్థ వెబ్‌సైట్‌లోని కూర్పు సూచనల విభాగంలో సెట్ సంఖ్య ఇచ్చి వెతకండి. చాలా పాత సెట్లకు పీడీఎఫ్ ఉచితంగా లభిస్తుంది. ఒక్కో టోవాలో ముప్పైకి అటూ ఇటూ భాగాలే ఉంటాయి కాబట్టి కూర్చడానికి అరగంట కూడా పట్టదు. జాగ్రత్త అవసరమైనది పళ్లచక్రాల దగ్గరే. ఇరుసును చివరికంటా నెట్టకపోతే చక్రం పక్కకు జరిగి, తిప్పినప్పుడు టకటకమని జారుతుంది. తల, ముసుగు పెట్టకముందే వెనుక చక్రాన్ని తిప్పి, చేయి ఎక్కడా రాసుకోకుండా పైకీ కిందికీ ఊగుతోందో లేదో చూడండి. తాహు కత్తి పట్టిన చేయి అలా ఊగితేనే ఆ బొమ్మ అసలు స్వభావం తెలుస్తుంది. ఈ బొమ్మలకు మోచేయి, మోకాలు వంగవు. వంగే మోచేతులు, మోకాళ్లు 2004 నాటి టోవాలతోనే వచ్చాయి, కనుక 2001 బొమ్మ వంగలేదని బలప్రయోగం చేయవద్దు.

నిలబడలేని బొమ్మకు సాధారణంగా తుంటి కీళ్లు వదులై ఉంటాయి. బంతి మీద ఫెవికాల్‌ను నీటితో కొద్దిగా పలుచన చేసి సన్నని పూతగా వేసి, ఒక రోజు పూర్తిగా ఆరిన తర్వాతే గిన్నెలోకి నొక్కండి. పూత నచ్చకపోతే గోటితో ఒలిచేయవచ్చు. ఇందుకు నెయిల్ పాలిష్ వాడమనే సలహా తరచుగా వినిపిస్తుంది, కాని అందులోని ద్రావకాలు ప్లాస్టిక్‌ను కరిగించే స్వభావం గలవి కాబట్టి దానికి దూరంగా ఉండండి.

మీరు తీసుకున్నది 2007 ప్రాంతపు బొమ్మ అయితే పరిస్థితి వేరు. ఆ కాలపు కీళ్ల గిన్నెలు, ముఖ్యంగా నిమ్మపచ్చ రంగువి, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి చీలిపోతాయని సేకర్తలందరికీ తెలిసిన సంగతే. అటువంటి బొమ్మను ప్రదర్శనకు పెట్టాలనుకుంటే భంగిమను ఒక్కసారి సరిచేసి, తర్వాత కదపకుండా ఉంచండి. చీలిన గిన్నెకు త్వరగా అంటుకునే జిగురు పూస్తే చూడడానికి అతికినట్టే ఉంటుంది కాని బంతి నొక్కగానే మళ్లీ విడిపోతుంది. ఆ ఒక్క భాగాన్ని బ్రిక్‌లింక్‌లో అదే ఆకారంతో, వీలైతే ముదురు బూడిద రంగులో కొని మార్చడమే నమ్మదగిన మరమ్మతు.

బొమ్మను పెట్టే చోటు కూడా కూర్పులో భాగమే. పడమటి కిటికీ ఎదురుగా ఉన్న అర పనికిరాదు. బొమ్మ వెనుక, కాస్త పైన చిన్న దీపం ఉండేలా పెడితే ఇందాక చెప్పిన పారదర్శక ముక్క గుండా వెలుగు కళ్లలోకి దిగుతుంది. ఇంత చిన్న ఏర్పాటుకు బ్యాటరీ అక్కర్లేకుండా చేసిన రూపకర్తల తెలివికి ముచ్చటపడకుండా ఉండలేం.

ఆటను నడిపే ఏర్పాటు

ఇక ఆట సంగతి. బ్రౌజర్లలో ఫ్లాష్ ఇప్పుడు లేదు. 2021 జనవరి 12 నుంచి అడోబీ తన ప్లేయర్‌లో ఫ్లాష్ సరుకు నడవకుండా అడ్డుకట్ట కూడా వేసింది. ఫ్లాష్ ప్లేయర్ కొత్తగా ఇస్తామని చెప్పే ఏ సైట్ నుంచీ ఏదీ దించుకోవద్దు, ఆ పేరుతో వచ్చేవాటిలో హానికర ప్రోగ్రాములే ఎక్కువ. మీకు ఉన్న సరైన దారులు రెండు: రఫుల్, ఫ్లాష్‌పాయింట్.

రఫుల్ అనేది ఫ్లాష్‌ను అనుకరించే ఉచిత ప్రోగ్రాము. పాత ఫ్లాష్‌ను మళ్లీ తీసుకురావడం కాక, ఫ్లాష్ ఫైళ్లను చదివి నడిపే కొత్త యంత్రాన్ని రస్ట్ భాషలో మొదటి నుంచీ రాసుకొచ్చారు గనుక దానివల్ల పాత భద్రతా లోపాలు తిరిగి రావు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ల అధికారిక పొడిగింపుల దుకాణాల్లో అది దొరుకుతుంది. దాన్ని చేర్చుకుని, ఆట భద్రపరచి ఉన్న పేజీని తెరచి, తెర మధ్యన కనిపించే త్రికోణపు గుర్తును నొక్కితే ఆట మొదలవుతుంది. ఆ నొక్కు లేకుండా బ్రౌజర్లు శబ్దాన్ని అనుమతించవు, కాబట్టి శబ్దం రాలేదని కంగారుపడేముందు తెర మీద ఒకసారి నొక్కి చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి రఫుల్‌ను తన పేజీల్లోనే అమర్చింది, అక్కడి ఫ్లాష్ ఆటలకు పొడిగింపు కూడా అవసరం లేదు. బయోనికిల్‌కు సంబంధించిన ఆటలు, చిత్రాలను అభిమానులు బయోమీడియా ప్రాజెక్ట్ అనే చోట సేకరించి పెట్టారు. వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది.

ఫైళ్లు దించుకుని ఇంట్లోనే నడపాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఆట ఒకే ఫైలు కాదు. డయల్-అప్ మోడెమ్‌ల కాలంలో ఎక్కువసేపు వేచి ఉండాల్సిన పని లేకుండా ద్వీపంలోని చోట్లను చిన్న చిన్న ఫ్లాష్ ఫైళ్లుగా విడగొట్టారు, ఒకటి మరొకదాన్ని పిలుస్తుంది. మొదటి ఫైలును మాత్రమే దించుకుంటే తొలి దృశ్యం తర్వాత తెర ఖాళీగా నిలిచిపోతుంది. ఫోల్డరు మొత్తాన్ని, లోపలి అమరికను మార్చకుండా దించుకుని, రఫుల్ డెస్క్‌టాప్ ప్రోగ్రాముతో మొదటి ఫైలును తెరవాలి.

ఫ్లాష్‌పాయింట్ దారి కాస్త బరువైనది, కాని మొండి ఆటలకు అదే దిక్కు. 2018లో మొదలైన ఈ భద్రపరచే ఉద్యమం లక్షకు పైగా వెబ్ ఆటలను సేకరించింది. దాని పూర్తి కూర్పు టెరాబైట్లలో ఉంటుంది, మీకు అది అక్కర్లేదు. ఎంచుకున్న ఆటను మాత్రమే అప్పటికప్పుడు దించుకునే చిన్న కూర్పును విండోస్ కంప్యూటర్‌లో స్థాపించుకుని, వెతుకు పెట్టెలో పేరు ఇస్తే చాలు. రెండు దారుల మధ్య ఎంపిక ఆట వయసును బట్టి చేసుకోవాలి. ఫ్లాష్‌లో ఆటలు రాసే యాక్షన్‌స్క్రిప్ట్ భాషకు మూడు తరాలున్నాయి. మొదటి రెండింటిని రఫుల్ చాలా చక్కగా నడుపుతుంది. 2006లో వచ్చిన మూడో తరానికి దాని మద్దతు ఇంకా సంపూర్ణం కాదు. 2001 నాటి మాటా నూయి ఆట ఆ మూడో తరానికి ముందుదే గనుక రఫుల్ సరిపోతుంది. 2010 తర్వాతి హీరో ఫ్యాక్టరీ ఆటలు మొరాయిస్తే, అసలు ఫ్లాష్ ప్లేయర్‌నే బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా వాడే ఫ్లాష్‌పాయింట్‌కు మారండి.

ఆటను ఆడే పద్ధతి

పార్సిల్ కోసం ఎదురుచూసే రోజుల్లో ఏర్పాటంతా పూర్తిచేసి పరీక్షించుకోండి, ఆట మాత్రం బొమ్మ వచ్చి బల్ల మీద నిలబడ్డాకే మొదలుపెట్టండి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కాని ఆటలో టోవాలు ఎప్పుడో అరుదుగా, దూరంగా, చిన్నవాడి కళ్లతో చూసినట్టు కనిపిస్తారు. మీ చేతిలో ఉన్న బొమ్మ అక్కడ ఒక ఊరంతా కబుర్లు చెప్పుకునే వీరుడు. ఆ ఎత్తు తేడా తెలియాలంటే రెండూ ఎదురుగా ఉండాలి.

ఆడే విధానం సులువు: బాణపు గుర్తు వచ్చిన చోట నొక్కితే ముందుకు వెళ్తారు, మనుషుల మీద నొక్కితే మాట్లాడతారు. పరుగెత్తవలసిన తొందర లేదు, చచ్చిపోతామన్న భయం లేదు. ఎదురైన ప్రతివారితోనూ మాట్లాడండి, ముఖ్యంగా ప్రతి ఊరి పెద్ద అయిన తురాగాతో; కథ వారి నోటనే నడుస్తుంది. గా-కోరో అనే ఊరిలో నీట మునిగిన గుడిసెలో చిక్కుకున్న వారిని రక్షించడం, పో-కోరోలో ఆట బంతుల ద్వారా వ్యాపించిన జబ్బుకు మూలం కనుక్కోవడం, లే-కోరో దగ్గర నూయి-రామాలనే పెద్ద కీటకాల గూటిలోకి వెళ్లడం, కో-కోరో మంచులో మాటోరోను వెతకడం మధ్యలో వచ్చే పనులు. చివరికి ఊరికొకరు చొప్పున సామాన్యులే జట్టుకట్టి కీని-నూయి ఆలయాన్ని కాపాడవలసి వస్తుంది. మీ దగ్గర లేవా ఉంటే గూటి ఘట్టాన్ని, కోపాకా ఉంటే మంచు ఘట్టాన్ని హడావుడిగా దాటవద్దు. చిక్కుకుపోతే వెంటనే పరిష్కారాలు చదవకుండా, మునుపటి ఊరికి తిరిగి వెళ్లి అందరితో మళ్లీ మాట్లాడి చూడండి.

సంభాషణలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, మాట వినిపించదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలతో ఆడించేటప్పుడు పెద్దవారు పక్కన కూర్చుని చదివి, తెలుగులో చెబుతూ పోతే ఆట నడక చెడదు, పైగా అది తొందరలేని ఆట కాబట్టి అందుకు బాగా అనువుగా ఉంటుంది.

వివరాలు వెతికేటప్పుడు పేర్ల విషయంలో ఒక మెలకువ అవసరం. బయోనికిల్‌లోని కొన్ని పేర్లు న్యూజిలాండ్ మావోరీల భాష నుంచి తీసుకున్నవి కావడంతో 2001లోనే వారి నుంచి అభ్యంతరం వచ్చింది, సంస్థ కొన్నింటిని మార్చడానికి అంగీకరించింది. గ్రామస్థులకు మొదట వాడిన తోహుంగా అనే పేరు మాటోరాన్‌గా మారింది, జాలా జాలర్ అయ్యాడు, హూకి, మాకుల పేర్ల స్పెల్లింగులు మారాయి. బొమ్మ కొనేటప్పుడు పాత పేరుతోనూ, కథ చదివేటప్పుడు కొత్త పేరుతోనూ వెతకవలసి వస్తుంది.

మొదటి ఆట పూర్తయ్యాక దాని కొనసాగింపైన రెండో ఆటకు వెళ్లవచ్చు. అందులో మీరు హాలీ అనే అమ్మాయి, వస్తువుల మారకం చేస్తూ, శిక్షణ పొందుతూ కోల్హీ అనే బంతి పోటీలకు సిద్ధమవుతారు. ఇది మొదటిదానికంటే నెమ్మది, ఓపిక లేనివారికి విసుగు పుట్టిస్తుంది కూడా. హీరో ఫ్యాక్టరీలో 2012 నాటి బ్రేకౌట్ అనే సెట్లతో వచ్చిన, ఆన్‌లైన్ ఆటలో వాడే కోడ్‌లను మాత్రం నమ్ముకుని ఎక్కువ ధర పెట్టకండి. వాటిని సరిచూసే సర్వర్ నడిచినప్పుడే ఆ కోడ్‌లకు విలువ, ఇప్పుడవి బొమ్మ మీది అలంకారాలే.

రెండో ఆటలో ఎంతవరకు వచ్చారన్నది నిల్వ ఉండడం ముఖ్యం. పూర్వం ఫ్లాష్ ఆ సమాచారాన్ని కంప్యూటర్‌లో చిన్న ఫైలుగా దాచేది. రఫుల్ దాన్ని బ్రౌజర్ నిల్వలో ఉంచుతుంది, బ్రౌజర్ చరిత్ర తుడిచేటప్పుడు సైట్ల సమాచారం కూడా తుడిస్తే అదీ పోతుంది. ఆట తెర మీద మౌస్ కుడి మీట నొక్కి, సేవ్ మేనేజర్ తెరచి, ఆడిన ప్రతిసారీ ఆ ఫైలును దించుకుని, కూర్పు పుస్తకపు పీడీఎఫ్, విప్పేముందు తీసిన ఫోటోలు ఉన్న ఫోల్డరులోనే తేదీతో పెట్టుకోండి. వేరే కంప్యూటర్‌కు మారినప్పుడు అదే మేనేజర్‌లోని మార్పిడి మీట ద్వారా ఆ ఫైలును తిరిగి ఎక్కించవచ్చు. అయితే అక్కడ ఆటను ముందుగా ఒకసారి తెరచి, కొద్దిగా ఆడి ఉంటేనే పాతదాన్ని ఎక్కించడానికి జాబితాలో చోటు కనిపిస్తుంది.